కల్లు తోవలో రుక్మిబాయి

ఎల్లారెడ్డి రోడ్డు దిగి మట్టితోవ పట్టుకుని పోతే ఒక తండా వస్తుంది. ఆ తండాలో రుక్మిబాయి ఇల్లు ఎక్కడని అడిగితే, చెయ్యి చూపించే ముందు జనం ఒకసారి మొహం చిట్లించుకుంటారు. నలభై ఏళ్లు నిండని మనిషి. బోరింగు దగ్గర వంతు తప్పినా, ఎవరి మేకలు ఎవరి మక్కచేన్లో పడినా ఆమె గొంతు లేచేది. లేచిందంటే అవతలివాళ్లు ఇంట్లోకి పోయి తలుపు వేసుకునేదాకా ఆగేది కాదు. మొగుడు పూల్‌సింగ్ మెత్తని మనిషి. దసరా పోగానే చెరుకు నరకడానికి వెళ్లి, ఎండలు ముదిరాక తిరిగి వచ్చేవాడు. ఆ నెలలన్నీ ఇల్లూ, చెలకా, ఇద్దరు పిల్లలూ ఆమె చేతి మీదే నడిచేవి. కొడుకు ప్రేమ్‌సింగ్‌నూ, బిడ్డ సునీలనూ పక్క ఊరి హైస్కూలుకు పంపాలన్న పంతం కూడా ఆమెదే.

2010 వానకాలంలో ఒకరోజు సునీల మధ్యాహ్నమే ఏడ్చుకుంటూ తల్లి పనిచేస్తున్న చేనికి వచ్చింది. పొద్దున ప్రార్థన కాగానే హెడ్మాస్టరు తండా పిల్లలను మాత్రం పక్కకు నిలబెట్టి, అందరి ముందు వాళ్ల సంచులు బోర్లించి వెతికించాడట. పిల్లల్లో మత్తు అలవాట్లు మాన్పించాలని పైనుంచి ఆర్డరు వచ్చిందట. ఊరి పిల్లలు చూసి నవ్వారట.

రుక్మిబాయి చేన్లోంచి అట్లాగే బడికి నడిచింది. చేతిలో కొడవలి ఉందన్న సంగతి గేటు దాటేదాకా ఆమెకే గుర్తులేదు.

"మా పిల్లల సంచులే ఎందుకు ఇప్పిచ్చిండ్రు? ఊరోళ్ల పిల్లల సంచులల్ల దేవుడున్నడా?" అని వరండాలోంచే అరిచింది.

హెడ్మాస్టరు కొడవలి చూసి కుర్చీలోంచి లేవలేదు. లేచి వచ్చింది సైన్సు చెప్పే అనసూయమ్మ. కామారెడ్డి నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే టీచరు. యాభై ఏళ్ల మనిషి, ఇస్త్రీ చీర, ఎవరికీ తగ్గని మాట.

"నీ కొడుకు సంచిల ఏం దొరకలేదు. దొరకదు కూడ," అంది అనసూయమ్మ. "ఉన్నది వాని కడుపుల. పగటిజాము దాటితే వాని తల నిలవది. పేరు అడిగితే నాలుక మడత పడతది. కన్నతల్లివి, నీకు కనవడ్తలేదా?"

"నువ్వెవరే నన్ను నువ్వు అనేటందుకు?"

"మర్యాద కావాల్నంటే కొడవలి బయట పెట్టి రా."

రుక్మిబాయి కొడవలి బయట పెట్టలేదు. అనసూయమ్మ కూర్చోమనలేదు. ఆ రోజు ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకున్న తిట్లు బడి పిల్లలు చాలా రోజులు చెప్పుకున్నారు. తిరిగి వస్తూ తోవ పొడుగునా రుక్మిబాయి టీచరును శాపనార్థాలు పెడుతూనే ఉంది. కొడుకు గురించి ఆమె అన్న ఒక్క మాట కూడా నమ్మలేదు.

నమ్మవలసిన రోజు దసరా పోయాక వచ్చింది. ఎక్సైజు వాళ్లు వచ్చి ఊరి చివరి కల్లు దుకాణానికి తాళం వేశారు. ఆ చుట్టుపక్కల దొరికేది చెట్టు కల్లు కాదు, మందుకల్లు. నీళ్లలో ఏదో పొడి, ఏవో మత్తుగోలీలు కలిపి తెల్లగా నురగ తేల్చిన సరుకు. అందరికీ తెలుసు. అందరూ తాగేవాళ్లు. రుక్మిబాయి కూడా పొద్దుగూకాక ఒక సీసా తాగితేనే నడుము వాల్చేది.

దుకాణం మూతపడిన రెండోనాడు ప్రేమ్‌సింగ్‌కు నిద్ర పట్టలేదు. చేతులు వణుకుతున్నాయి. గోడ వైపు తిరిగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గొంగడి పోగులు పీకుతూ, పురుగులు పాకుతున్నాయన్నాడు. జ్వరమని రుక్మిబాయి తలకు తడిగుడ్డ వేసింది. మర్నాడు పొద్దున మొహం కడుక్కుంటూ గిలకల మంచం పక్కన విరుచుకుపడ్డాడు. కళ్లు తేలిపోయి, పళ్లు బిగుసుకుపోయి, కాళ్లు కొట్టుకుంటున్నాయి. ఆమె కేకలకు వచ్చిన వాళ్లు గాలి సోకిందన్నారు. ఆమె ఎవరి మాటా వినకుండా కొడుకును ఆటోలో వేసుకుని రోడ్డెక్కింది. తాడ్వాయి దాటేలోపు వాడికి ఇంకొకసారి ఫిట్స్ వచ్చాయి.

కామారెడ్డి దవాఖానలో డాక్టరు సూది వేశాక వాడు నిద్రపోయాడు. మేలుకున్నాక డాక్టరు అడిగాడు.

"ఎన్ని దినాల సంది తాగుతున్నవ్ బాబూ?"

ప్రేమ్‌సింగ్ తల్లి వైపు చూశాడు. "చిన్నప్పటి సంది. యాడికి తెస్త కద సారూ. బాపు ఉంటె ఇద్దరికి తెస్త. దుకాణపాయన సీసా నిండ పోస్తడు. తోవల ఒలుకుతదని మీది మీదిది తాగేటోన్ని."

వాళ్ల భాషలో యాడి అంటే అమ్మ.

"అబద్ధం!" అని రుక్మిబాయి లేచింది. "సగం ఒలికిందని చెప్పేటోనివి కదరా! దొంగముండాకొడుకా, నా సీసాల నీళ్లు కలిపి తెచ్చినవా?"

డాక్టరు ఆమె నోటి వైపు కాదు, చేతుల వైపు చూశాడు. "నీ చేతులెందుకు వణుకుతున్నయమ్మా?"

ఆమె చేతులు కొంగు కింద పెట్టుకుంది.

ఆయన ఇద్దరికీ ఒకటే సంగతి చెప్పాడు. కల్లులో కలిపే మందు అలవాటైన ఒంటికి అది ఒక్కసారిగా అందకపోతే ఇట్లాగే అవుతుంది. కొన్నిసార్లు ప్రాణం కూడా పోతుంది. గోలీలు రాసి, వాటిని కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలన్నాడు. మధ్యలో దుకాణం తెరిచారని మళ్లీ తాగితే మొదటికి వస్తుందన్నాడు. రుక్మిబాయి ఆయనకు దండం పెట్టలేదు. బస్సులో కొడుకుకు ఎడంగా వేరే సీట్లో కూర్చుంది. ఇన్నేళ్లూ పొద్దుగూకగానే సీసా కడిగి వాడి చేతిలో పెట్టింది తనే.

కొన్నాళ్లకు దుకాణం తెరిచారు. ఆ సాయంత్రం రుక్మిబాయి తోవ పక్కన గుట్టరాయి మీద కూర్చుంది. తండా నుంచి పిల్లలు ఒక్కొక్కరే వస్తున్నారు. కొందరి ఒంటి మీద బడి బట్టలు అట్లాగే ఉన్నాయి. చేతిలో ఖాళీ సీసాలు. తిరిగి వచ్చేటప్పుడు తంగేడు పొదల చాటున ఆగుతున్నారు. మూతి తుడుచుకుంటూ బయటికి వస్తున్నారు. పక్కింటి హరిచంద్ బిడ్డ అంజలి, మూడో తరగతి పిల్ల, అది కూడా ఆగింది. ఇన్నేళ్లుగా ఇదంతా కళ్ల ముందే జరుగుతున్నా, రుక్మిబాయి ఎన్నడూ చూడలేదు.

ఆ చలికాలంలోనే బడిలో తల్లిదండ్రుల మీటింగు పెట్టారు. అనసూయమ్మే దగ్గరుండి చేయించింది. గోడలకు పుర్రెల బొమ్మలు, ఎండిపోయిన కాలేయం బొమ్మ అంటించారు. పిల్లలను వరుసగా నిలబెట్టి, చేతులు ముందుకు చాపించి, మత్తు ముట్టమని ప్రమాణం చేయించారు. ఊరి పెద్దరైతు భూమయ్య కుర్చీలో కూర్చుని, తండాల్లో చదువు లేకనే ఈ కర్మ అని ఉపన్యాసం చెప్పాడు. అది అయ్యీ కాకముందే వెనక నుంచి రుక్మిబాయి లేచింది.

"నీ కొడుకు సాయికిరణ్ మోటరుసైకిలు మీద పోయి, ఆడనే కూసుండి తాగుతడు పటేలా. మా పోరగాండ్లు నడిచి పోయి తెస్తరు. గంతే ఫరక్." భూమయ్య మొహం కందగడ్డ అయింది. ఆమె టీచరు వైపు తిరిగింది. "పొద్దుగాల చెయ్యి జాపి ఒట్టేపిస్తవు. పొద్దూకినంక గదే చేత్తోని సీసా పట్టుకపోతరు. ఈ బొమ్మలతోని ఏమైతది? పిల్లగాండ్లను దుకాణానికి తోలుడు బంద్ చెయ్యాలె. తాగెటోడు తన కాళ్లతోని పోయి తాగాలె."

"పొద్దంత రెక్కలిరగ పనిజేసి వచ్చి, మల్ల గంత దూరం నడుస్తమా?" అన్నాడు హరిచంద్.

"నడువకుంటె తాగకు."

మీటింగు అక్కడికే చెడిపోయింది. భూమయ్య లేచి వెళ్లిపోయాడు. బెంచీలు తన్నుకుంటూ తండావాళ్లూ పోయారు. అనసూయమ్మ బొమ్మలు చింపి చుట్టుకుంటూ, "నెల దినాలు తిరిగి జమచేసిన మందిని ఒక్క నిమిషంల చెదరగొట్టినవ్. సంతోషమా?" అంది.

"సంతోషమే."

కానీ మర్నాటి విరామంలో అనసూయమ్మ తండాకు నడిచి వచ్చింది. లోపలికి రాకుండా రుక్మిబాయి ఇంటి వాకిట్లోనే నిలబడి మాట్లాడింది. మంచినీళ్లు కూడా అడగలేదు, ఈమె ఇవ్వలేదు.

"నువ్వన్నది కరెక్టే. కని పొద్దూకెటప్పుడు పిల్లలను ఆపేదెవరు?"

"నువ్వే. బడిల కూసోబెట్టు. చదివియ్యి, ఆడియ్యి, నీ ఇష్టం. దుకాణం గిరాకి అయిపోయినంక ఇడువు. తోవల నేనుంట."

"నాకు సాయంత్రం బస్సు పోతది. తర్వాత బస్సుకు ఇల్లు చేరెవరకు చీకటైతది. ఇంట్ల ముసలత్త ఉన్నది."

"మాకేమన్న ముసలోళ్లు లేరా?"

అనసూయమ్మ పళ్లు కొరుక్కుంటూ పోయింది. ఆ వారమే బడిలో సాయంత్రం చదువు మొదలైంది. ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలకు బడి వదిలాక కబడ్డీ, ఖోఖో, ఆ తర్వాత లెక్కలూ సైన్సూ. డ్రిల్లు సారు ఆడించేవాడు, అనసూయమ్మ చదివించేది. చివరి బస్సు కోసం రోడ్డు మీద ఒక్కతే నిలబడి, ఆ లంబాడామెను రోజూ తిట్టుకునేదట.

ఇక్కడ తోవలో రుక్మిబాయి తిట్లు తింటోంది. బడికి పోని పిల్లలూ, ఇంట్లోవాళ్లు బలవంతాన పంపిన పిల్లలూ సీసాలతో వస్తే లాక్కుని నేల మీద పారబోసేది. పిల్ల ఏడిస్తే, "పొయి మీ అయ్యను తోలియ్యి," అనేది. అయ్యలు వచ్చేవాళ్లు. ఒకసారి హరిచంద్ ఆమెను తోసేస్తే ముళ్లకంపలో పడింది. లేచి, మోచేతుల నుంచి రక్తం కారుతుండగానే మళ్లీ తోవకు అడ్డంగా నిలబడింది. గోలీలు తగ్గించుకుంటున్న రోజులవి. నిద్ర లేదు, తలలో పోట్లు. ఉన్న కోపానికి అదొకటి తోడయింది. తండాకు పెద్ద నాయక్. దుకాణపాయన ఆయన దగ్గరికి మనిషిని పంపి, గిరాకీ పాడు చేస్తోందని చెప్పించాడు.

తండా పంచాయితీ కూర్చుంది. నాయక్ ఒకటే మాట అడిగాడు. "తప్పయిందని చెప్తవా?"

"నా తప్పేందో ముందు నువ్వు చెప్పు," అంది రుక్మిబాయి.

ఆనాటి నుంచి ఆమె ఇంటికి ఎవరూ పోవద్దని, ఆమెను పెళ్లికీ చావుకూ పిలవద్దని కట్టుబాటు చేశారు. బోరింగు దగ్గర ఆమె వస్తే అందరూ బిందెలు తీసుకుని దూరం జరిగేవాళ్లు. ఎండాకాలంలో చెరుకు నుంచి తిరిగి వచ్చిన పూల్‌సింగ్‌కు తోవలోనే ఈ సంగతులన్నీ చెప్పారు.

"మందిల నా మొఖం ఎట్ల చూపియ్యాలె?" అని గుమ్మంలోనే సామాను విసిరికొట్టాడు.

"చూపియ్యకు. నీ కొడుకు ఫిట్సొచ్చి పడినప్పుడు నువ్వు లేవు. నీకు తాగబుద్దైతే దుకాణం ఆడ్నే ఉన్నది, పో. నా ఇంట్లకెల్లి సీసా పోదు, నా ఇంట్లకు సీసా రాదు."

పూల్‌సింగ్ తన కాళ్లతోనే పోయాడు. మొదట రోజూ పోయాడు. తర్వాత, ఎండలో పని చేసి వచ్చి మళ్లీ నడవలేక, ఒకరోజు పోతే ఒకరోజు మానేవాడు. మొగుడూ పెళ్లాల మధ్య మాటలు మాత్రం అన్నం పెట్టనా, పెట్టు అన్నంత వరకే మిగిలాయి.

అన్నిటికంటే శ్రావణంలో వచ్చిన తీజ్ పండుగ ఆ ఇంటిని ఎక్కువ కోసింది. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమ గింజలు మొలకకు చల్లి, రోజూ నీళ్లు పోస్తూ పాడుతూ ఆడే పండుగ అది. సునీల బుట్ట అల్లించుకుని, మన్ను తెచ్చుకుని, కొత్త ఓణీ కట్టుకుని పోయింది. ఆడవాళ్లు ఆమె బుట్టను అందరి బుట్టలూ ఉంచే మంచె మీద పెట్టనివ్వలేదు. ఆ పిల్ల బుట్ట పట్టుకుని తిరిగి వచ్చి తల్లి ముందు దాన్ని నేలకేసి కొట్టింది.

"నీకు అందరితోని కయ్యమే కావాలె! నాకొక్క దోస్తు లేదు. నాతోని ఒక్కరు మాట్లాడరు. నువ్వు తాగినా మంచిగుండె యాడీ. తాగినప్పుడే నువ్వు మంచిగున్నవ్!"

రుక్మిబాయి చెల్లాచెదురైన మన్ను చేత్తో ఎత్తి బుట్టలో పోసి, బుట్టను ఇంటి వెనక పెట్టింది. పాటలు వినిపిస్తున్నన్ని రోజులు తల్లీ బిడ్డా వేరువేరు మూలల్లో పడుకున్నారు.

ఆ పండుగ ముగిసిన కొద్దిరోజులకే తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బళ్లు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి. అనసూయమ్మ రాలేదు. సాయంత్రం చదువు లేదు, కబడ్డీ లేదు. కల్లు దుకాణం మాత్రం తెరిచే ఉంది. పగలంతా ఖాళీగా తిరిగే పిల్లల చేతుల్లోకి మళ్లీ సీసాలు వచ్చాయి. రుక్మిబాయి ఒక్కతే ఎంతమందిని ఆపుతుంది? మట్టితోవలో ఆమె కూర్చుంటే పిల్లలు చేన్లకు అడ్డంపడి పోయారు. గోలీలు మాని నెలలు గడిచిన ప్రేమ్‌సింగ్ ఒక సాయంత్రం దోస్తులతో పోయి, కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చాడు. ఆమె చీపురు విరిగేదాకా కొట్టింది. వాడు చేతులు అడ్డం పెట్టుకోలేదు. "కొట్టు. నువ్వు తాగలేదా?" అన్నాడు, అంతే. దసరా పోగానే తండ్రితో పాటు చెరుకుకు పోయాడు. పదో తరగతి పరీక్షలు రాయలేదు.

బడి తెరిచిన రోజు రుక్మిబాయి అనసూయమ్మను గేటు దగ్గరే పట్టుకుంది.

"మొదలువెట్టి మధ్యల ఇడిచిపెట్టినవ్. నా కొడుకు చేజారిండు."

"సమ్మెల నేనొక్కదాన్నే బస్సు నడుపుకుంట రావాల్నా? నీ కొడుకును నేను తాగుమన్ననా?"

"కూసోబెడత అన్నది నువ్వు!"

"కని పెంచింది నువ్వు!"

ఆ తర్వాత ఆ ఇద్దరూ చాలా కాలం నేరుగా మాట్లాడుకోలేదు. కానీ బడి తెరిచిన సాయంత్రమే చదువు మళ్లీ మొదలైంది, తోవలో రాయి మీద రుక్మిబాయి మళ్లీ కూర్చుంది. చెప్పవలసినవి సునీల నోటితో చెప్పించుకున్నారు. "ఏడో తరగతిల ఇద్దరు చేన్ల నుంచి పోతున్నరని మీ మేడంకు చెప్పు" అని ఈమె. "రేపు ముప్పావుగంట ముందే ఇడుస్తమని మీ అమ్మకు చెప్పు" అని ఆమె. ఇద్దరి విసుగూ మోయలేక సునీల రెండు చోట్లా చిరాకు పడేది. అనసూయమ్మ బొమ్మలూ ప్రమాణాలూ మానేసింది. పై తరగతి పిల్లలకు ఒక్కొక్కరికి ఇద్దరు చిన్నపిల్లలను అప్పగించి, బడి నుంచి ఇంటిదాకా కలిసి పొమ్మంది. నెలకొకసారి తల్లులను పిలిచి, ఫిట్స్ వస్తే ఏం చెయ్యాలో, ఒక్కసారిగా మానితే ఏమవుతుందో కామారెడ్డి డాక్టరు చేత చెప్పించింది. మొదట్లో ముగ్గురు వచ్చారు. రుక్మిబాయి వస్తుందని తెలిసి కొందరు రాలేదు. అందుకని ఆమె పోవడం మానేసింది. ఆ సంగతి కూడా సునీలతోనే చెప్పి పంపింది.

2012 ఎండాకాలంలో, వాకిట్లో చుట్టాలు చూస్తుండగా, హరిచంద్ కావాలనే తోవన పోతున్న సునీల చేతికి ఖాళీ సీసా ఇచ్చాడు. "పో, తే. మీ అమ్మ ఆపుతదేమో చూస్త," అన్నాడు. నలుగురూ నవ్వారు. సునీల సీసాను ఆయన కాళ్ల దగ్గర పెట్టింది.

"నీకు కాళ్లు లేవా కాకా?"

ఆ గొంతు విని, ఇంకొక రుక్మి తయారైందని నవ్వినవాళ్లలో ఎవరో గొణిగారు. సునీల ఈ సంగతి తల్లికి చెప్పలేదు. వేరేవాళ్ల నోట విన్న రుక్మిబాయి ఆ పూట బిడ్డ కంచంలో ఒక రొట్టె ఎక్కువ వేసింది. తీజ్ గురించి బిడ్డ ఆమెను క్షమించిందని కాదు. ఆ మాట వస్తే సునీల ఇప్పటికీ లేచిపోతుంది.

మరుసటి ఏడాది సునీల పది పాసై ఎల్లారెడ్డిలో ఇంటరు చేరింది. ఆమెతో పాటు సాయంత్రం చదువులో కూర్చున్న తండా పిల్లల్లో ఒక్కరు తప్ప అందరూ పాసయ్యారు. అనసూయమ్మకు మాచారెడ్డి వైపు బదిలీ అయింది. శాలువా కప్పే సభకు రుక్మిబాయి పోలేదు. బస్సు దగ్గర మాత్రం కాచుకుని ఉంది.

"మల్ల మధ్యల్నే పోతున్నవ్. ఇగ కూసోబెట్టేదెవరు?"

"డ్రిల్లు సారు ఒప్పుకున్నడు. నువ్వొచ్చి మీద పడతవని ముందే మాట్లాడి పెట్టిన." అనసూయమ్మ బస్సెక్కి కిటికీలోంచి చూసింది. "ఆయనతోనన్న మర్యాదగ మాట్లాడు."

"ఆయన మంచిగుంటె నేను మంచిగుంట."

బస్సు కదిలింది. ఇద్దరిలో ఎవరూ చెయ్యి ఊపలేదు.

2014లో ఓట్ల కోసం కల్లు దుకాణాలు మూసినప్పుడు హరిచంద్ పెద్దకొడుకుకు చేతులు వణకడం మొదలైంది. వాడు పదహారేళ్ల వాడు. చిన్నప్పుడు తోవలో ఆ తంగేడు పొదల చాటున ఆగినవాడే. కట్టుబాటు పెట్టి మూడేళ్లు దాటినా రుక్మిబాయి ఇంటి గడప తొక్కని సోనిబాయి, హరిచంద్ పెళ్లాం, పొద్దున్నే వచ్చి వాకిట్లో నిలబడింది.

"రుక్మీ, పోరడు గోడతోని మాట్లాడుతున్నడు. నాకు భయమైతంది. దవాఖానకు నువ్వు రా."

రుక్మిబాయి పొయ్యి ముందు నుంచి లేవకుండానే మొదలుపెట్టింది. ముళ్లకంప దగ్గర నుంచి తీజ్ బుట్ట దాకా ఒక్కటీ వదలకుండా తిట్టింది. సోనిబాయి తల వంచుకుని నిలబడే ఉంది. తిట్లు అయ్యాక రుక్మిబాయి పొయ్యి ఆర్పి, చీరకొంగు నడుముకు చెక్కి, "వాని నోట్ల గుడ్డ గిడ్డ పెట్టకుండ్రి. ఆటోను పిలువు," అంది.

ఈసారి తోవలో ఫిట్స్ రాలేదు. దవాఖానలో గోలీలు రాశారు, రెండు రోజులు ఉంచుకుంటామన్నారు. బయట బల్ల మీద ఇద్దరు ఆడవాళ్లూ ఎడంగా కూర్చున్నారు. సోనిబాయి చాయ తెచ్చి ఇస్తే రుక్మిబాయి తాగలేదు.

"జూన్ల బడి తెరువంగనే నీ బిడ్డ అంజలిని సాయంత్రం చదువుకు తోలు," అంది.

"మా ఇంటాయన ఒప్పడు."

"ఒప్పకుంటె నేనొస్త మీ ఇంటికి."

సోనిబాయి భయపడింది. "వద్దు తల్లీ, నేనే ఒప్పిస్త," అంది. బడి తెరిచిన వారంలో అంజలి సాయంత్రం చదువుకు వచ్చింది. తోవలో రుక్మిబాయి కనిపిస్తే ఆ పిల్ల మొహం తిప్పుకుని, పక్క పిల్లల చెయ్యి పట్టుకుని, గబగబా నడిచిపోతుంది.